చేయి అందేంత బల్ల

బల్ల మీది ఆటల కోసం ఇంట్లో ఒక బల్ల చేయించుకుందామనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎంత పెద్దది చేయించాలి? నా జవాబు ఎప్పుడూ ఒక్కటే. మీరు అనుకుంటున్నదానికంటే చిన్నది. ఇది డబ్బు ఆదా కోసమో, అపార్ట్‌మెంట్ గదులు ఇరుకనో చెప్పే మాట కాదు. బల్ల వెడల్పు పెరిగేకొద్దీ ఆట చెడిపోతుంది. ఎందుకు చెడిపోతుందో, ఎక్కడ ఆగాలో లెక్క కట్టి చూపించొచ్చు.

ముందుగా ఆటలకు ఇలా హద్దులు కట్టిన వాళ్ల కొలతలు చూద్దాం. పోటీల్లో వాడే క్యారమ్ బోర్డులో ఆడే పలక ఒక్కో వైపు 73.5 నుంచి 74 సెంటీమీటర్లు. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో చెన్నైలో ఏర్పడింది. దాని నిబంధనలు కాయ వ్యాసం నుంచి చుట్టూ ఉండే చెక్క ఎత్తు వరకు అన్నిటికీ హద్దులు పెట్టాయి. కాయ వ్యాసం 3.18 సెం.మీ. మించకూడదు, బరువు 5 నుంచి 5.5 గ్రాములు ఉండాలి. స్ట్రైకర్ వ్యాసం 4.13 సెం.మీ. లోపు, బరువు 15 గ్రాముల లోపు. జేబు వ్యాసం 4.45 సెం.మీ. అంటే స్ట్రైకర్‌కీ జేబుకీ మధ్య తేడా మూడు మిల్లీమీటర్ల పైచిలుకే. హైదరాబాద్ క్రీడాకారిణి ఎస్. అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ మహిళల సింగిల్స్ టైటిల్ గెలిచింది ఇంత ఇరుకు కొలతల మధ్యనే.

ఆ నిబంధనల్లో నాకు బాగా నచ్చేది నునుపుకు పెట్టిన పరీక్ష. 15 గ్రాముల స్ట్రైకర్‌ను గట్టిగా కొడితే అది పలక మీద ఇటూ అటూ మూడున్నర సార్లు తిరిగి రావాలి. గరుకు పరీక్షించడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, ఆటే కొలమానం. పలక 8 మి.మీ. కంటే పలచగా ఉండకూడదనడం కూడా ఇందుకే. పలచని ప్లైవుడ్ కొన్నాళ్లకు నడుమ దిగుతుంది. అప్పుడు కాయలన్నీ మధ్యకు జారతాయి.

ఇప్పుడు చదరంగం. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే పెద్ద టోర్నమెంట్ల బల్లకు చెప్పే కొలతలు: పొడవు 110 సెం.మీ., వెడల్పు 85, ఎత్తు 74. గడి 5 నుంచి 6 సెం.మీ., రాజు ఎత్తు సుమారు తొమ్మిదిన్నర. కోనేరు హంపి, అర్జున్ ఎరిగైసి గంటల తరబడి కూర్చునే బల్ల ఇదే. ఈ అంకెల్లోంచి మనకు కావలసింది ఒకటి తీయొచ్చు. గడి 5.5 సెం.మీ. అనుకుంటే ఎనిమిది గళ్లకు 44. బోర్డు బల్ల మధ్యలో ఉంటే, మన అంచు నుంచి ఎదుటివాళ్ల చివరి వరస మధ్యకు దూరం 62 సెం.మీ. దగ్గర తేలుతుంది. కుర్చీలోంచి లేవకుండా, పక్క పావులను తోసేయకుండా, ఒక పావును సరిగ్గా తీసి సరిగ్గా పెట్టగలిగే దూరం అది. కాస్త ముందుకు వంగడం కూడా కలిపి దీన్ని 65 అనుకుందాం.

ఇక తీసివేత ఒక్కటే మిగిలింది. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటే ఇద్దరికీ కలిపి 130 సెం.మీ. అందుతుంది. అందులోంచి బల్ల వెడల్పు తీసేస్తే వచ్చేది ఇద్దరి చేతులూ చేరే ఉమ్మడి పట్టీ. 85 సెం.మీ. బల్లకు ఆ పట్టీ 45. 96 సెం.మీ. బల్లకు 34. 120 సెం.మీ. బల్లకు పదే. 130 దగ్గర సున్నా. 150 సెం.మీ. బల్ల వేస్తే మధ్యలో 20 సెం.మీ. మేర కూర్చున్నవాళ్లెవరికీ అందదు. ఆ 20 సెం.మీ. మీదే ఆట బోర్డు ఉంటుంది. ప్రతి ఎత్తుకూ ఒకరు లేవాలి, చొక్కా చేయి తగిలి రెండు పావులు పడిపోవాలి, పక్కవాళ్లు 'నాది కూడా కాస్త జరుపు' అనాలి. ఆట నడిపేవాడు ఒకడైతే మిగతా వాళ్లు చూసేవాళ్లైపోతారు. పెద్ద బల్ల వేసిన ఇళ్లలో పిల్లలు, పెద్దవాళ్లు మొదట ఆసక్తి కోల్పోవడానికి కారణం చాలాసార్లు ఇదే. వాళ్ల చేతులు పొట్టివి, నడుములు వంగవు.

అరుగు మీది లెక్కలు

బల్ల పొడవు వెడల్పులకు హద్దు చేయి. బల్ల లోపలి నిర్మాణాన్ని నిర్ణయించేది ఆట ఎంతసేపు సాగుతుందన్నది. దాన్ని కూడా ముందే అంచనా వేయొచ్చు. అష్టా చెమ్మాతో మొదలుపెడదాం. దానికి బల్ల కూడా అక్కర్లేదు, సుద్దముక్క చాలు.

ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం 25 గళ్లు. బయటి చుట్టులో 16, లోపలి చుట్టులో 8, నడుమ ఒకటి. కాయ తన ఇంటి గడి నుంచి బయలుదేరి బయటి చుట్టులో 15 గళ్లు, లోపల 8, చివరికి నడిగడి, మొత్తం 24 అడుగులు నడిస్తే పండుతుంది. నాలుగు కాయలకు 96 అడుగులు. నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని నోళ్లు పైకి పడితే అంత, నాలుగూ పడితే చెమ్మా, ఒక్కటీ పడకపోతే అష్టా, అంటే ఎనిమిది. గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే పడగల 16 రకాల్లో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చెమ్మా 1, అష్టా 1. సగటు తీస్తే ఒక్కోసారికి రెండున్నర అడుగులు. 96ను రెండున్నరతో భాగిస్తే 38. కాయలు చంపుకోవడమే లేకపోతే ఒక్కొక్కరూ దాదాపు 38 సార్లు గవ్వలు వెయ్యాలి. నలుగురికి 150 పైన. ఒక్కోసారికి 15 సెకన్లు వేసుకున్నా దాదాపు 40 నిమిషాలు. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి చుట్టులోకి పోనివ్వని ఇళ్లలో, పండడానికి సరిగ్గా అంతే పడాలని పట్టుబట్టే ఇళ్లలో అది గంట, గంటన్నర అవుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చుని కాఫీల వేళకు లేచే ఆట అని మన పెద్దవాళ్లకు ఈ లెక్క వెయ్యకుండానే తెలుసు.

ఇక్కడ గవ్వల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. గవ్వ నాణెం కాదు, రెండు వైపులా ఒకేలా ఉండదు. నోరు పైకి పడే అవకాశం 50 శాతం నుంచి 40కి తగ్గిందనుకోండి. అష్టా పడే అవకాశం 6.25 శాతం నుంచి దాదాపు 13 శాతానికి ఎగబాకుతుంది. పది శాతం తేడా, అష్టాలు రెట్టింపు. చెమ్మా మాత్రం రెండున్నర శాతానికి పడిపోతుంది. అందుకే ఒక ఇంటి గవ్వలతో ఆడిన ఆట మరో ఇంటి గవ్వలతో వేరేలా నడుస్తుంది. మీ గవ్వల తీరు తెలుసుకోవాలంటే నాలుగింటినీ ఒక వంద సార్లు వేసి, పైకి పడ్డ నోళ్లు లెక్కపెట్టి, 400తో భాగించండి. పిల్లలకు సంభావ్యత నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

పాచికలతో ఆడే కొత్త ఆటలు ఇదే గణితాన్ని బోర్డు మీద అచ్చువేసి మరీ చూపిస్తాయి. జర్మనీలో పళ్లు కట్టే టెక్నీషియన్‌గా పనిచేసిన క్లాస్ టాయ్‌బర్ 1995లో తెచ్చిన కటాన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ఏడాదే అది జర్మనీలో 'స్పీల్ డెస్ యారెస్' పురస్కారం గెలిచింది. తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచమంతటా కోట్ల పెట్టెలు అమ్ముడయ్యాయి. అందులో 19 షడ్భుజాలు. ఒకటి ఎడారి, మిగతా 18 మీద అంకెల బిళ్లలు. రెండు పాచికలు వేస్తే 36 రకాలు. ఏడు పడేవి 6, ఆరు పడేవి 5, ఎనిమిది పడేవి 5, రెండూ పన్నెండూ ఒక్కొక్కటే. అరవై సార్లు వేసిన ఆటలో ఆరు దాదాపు ఎనిమిది సార్లు వస్తుంది, పన్నెండు ఒకటి రెండు సార్లు. బిళ్ల మీద అంకె కింద చిన్న చుక్కలుంటాయి. ఆ అంకె ఎన్ని రకాలుగా పడగలదో అన్ని చుక్కలు. పదేళ్ల పిల్ల చుక్కలు చూసి ఎక్కడ ఇల్లు కట్టాలో తేల్చుకోగలదు.

కటాన్ బోర్డు అంచులతో కలిపి అర మీటరు దాకా ఉంటుంది. 96 సెం.మీ. బల్ల మధ్యలో పెడితే దాని అవతలి అంచు మనకు 73 సెం.మీ. దూరం. కాస్త ముందుకు జరిగితే అందుతుంది. 130 సెం.మీ. బల్ల మీద అదే అంచు 90 దగ్గర ఉంటుంది. పైన చెప్పిన తీసివేత ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది.

కార్కసోన్ మరో రకం. 2000లో వచ్చిన ఈ ఆటలో 72 చదరపు బిళ్లలు, ఒక్కొక్కటి నాలుగున్నర సెం.మీ. అన్నీ కలిపితే 1,458 చదరపు సెం.మీ., ఒక దినపత్రిక పేజీ పట్టేంత కూడా కాదు. కానీ ఊళ్లు, రోడ్లు ఎటు పెరుగుతాయో ముందు తెలియదు కాబట్టి చుట్టూ ఖాళీ ఉండాలి.

మధ్యలో ఆగిపోయే ఆటలు

ఈ ఆటలన్నీ ఒక పూటలో అయిపోయేవి. వీటికి మామూలు భోజనాల బల్ల చాలు. ప్రత్యేకమైన బల్ల అవసరం పుట్టింది పూటలో అవ్వని ఆటలతో. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. మొదటి ముద్రణ వెయ్యి ప్రతులే. నెలల తరబడి వారం వారం కొనసాగే కథ అది. 2017లో వచ్చిన గ్లూమ్‌హేవెన్ పెట్టె పది కిలోల దాకా తూగుతుంది. అందులో 95 ఘట్టాలున్నాయి. ఘట్టానికి రెండు గంటలు చొప్పున 190 గంటలు. వారానికి ఒకటి ఆడితే ఏడాది పది నెలలు. అన్నిటికంటే పెద్ద ఖర్చు సర్దుడే. పరచడానికీ ఎత్తడానికీ కలిపి 20 నిమిషాలనుకుంటే 95 సార్లకు దాదాపు 32 గంటలు. పదహారు ఘట్టాలు ఆడగలిగే కాలం డబ్బాలు తెరవడానికీ మూయడానికీ పోతుందన్నమాట.

అందుకే గుంట బల్ల వచ్చింది. మధ్యలో కొన్ని సెంటీమీటర్ల లోతు, చుట్టూ వెడల్పాటి అంచు, పైన పరిచే పలకలు. ఆట మధ్యలో ఆపి, పలకలు పరిచి, దాని మీదే అన్నం తిని, మర్నాడు పలకలు తీసి ఆపినచోటి నుంచి సాగించొచ్చు. పాచిక కిందపడి మంచం కిందకు దొర్లడమూ ఉండదు. అమెరికాలో ఇలాంటి బల్లలు చేసే వర్మ్‌వుడ్ 2020లో కిక్‌స్టార్టర్‌లో ముందస్తుగా 88 లక్షల డాలర్ల పైన సేకరించింది. గ్లూమ్‌హేవెన్ తరవాతి ఆట ఫ్రాస్ట్‌హేవెన్‌కు అదే ఏడాది, అదే చోట కోటీ 29 లక్షల డాలర్లు వచ్చాయి. ఆటకూ బల్లకూ ఇంత దగ్గరగా డబ్బు పెట్టే జనం ఉన్నారన్నది నిజం. కానీ అంత దూరం నుంచి తెప్పించుకోవాల్సిన వస్తువేమీ కాదది. మన వీధి చివరి వడ్రంగి చేసి పెట్టగలడు.

వడ్రంగికి ఇవ్వాల్సిన కొలతలు

నేను చెప్పే గుంట కొలత 122 × 76 సెం.మీ., అంటే నాలుగడుగులు, రెండున్నర అడుగులు. చుట్టూ అంచు 10 సెం.మీ. అంచుకు ఆ కొలత ఎందుకంటే మామూలు ఆట కార్డు 63 × 88 మి.మీ. ఉంటుంది. కార్డులు నిలువుగా వరసగా పరచినా అంచు మీద నిలవాలి. మొత్తం బల్ల 142 × 96 అవుతుంది. ఇద్దరికీ అందే పట్టీ 34 సెం.మీ. మనిషికి 60 సెం.మీ. చొప్పున పొడుగు వైపుల ఇద్దరిద్దరు, చివరల ఒక్కొక్కరు, మొత్తం ఆరుగురు. కుర్చీ వెనక్కి లాగడానికి అన్ని వైపులా 75 సెం.మీ. వదిలితే 292 × 246 కావాలి. పదడుగుల గది 305 సెం.మీ. కాబట్టి సరిపోతుంది.

ఎత్తు విషయంలో తొందర వద్దు. ఎక్కువ బల్లలు ఇక్కడే పాడవుతాయి. అంచు నేల నుంచి 75 సెం.మీ. ఎత్తున ఉందనుకోండి. గుంట లోతు 7, అడుగు పలక మందం 1.8, దాని కింద బలానికి వేసే రీపర్లు 2.5. ఇవి పోను 63.7 మిగిలింది. కుర్చీ సీటు 45. తొడలకు మిగిలే చోటు 18.7 సెం.మీ. ఇది హాయిగా ఉంటుంది. గుంట అందంగా ఉంటుందని లోతు 10 చేయిస్తే ఆ చోటు 15.7కి పడిపోతుంది, మోకాళ్లు తగులుతాయి, గంటకే లేచిపోతారు. బల్ల ఎత్తు పెంచితే భుజాలు నొప్పి. కాబట్టి గుంట 7 దగ్గర ఆపాలి. పైపలక మందం 1.8 పోయినా లోపల 5.2 సెం.మీ. ఉంటుంది, చాలా ఆటల పావులు తల తగలకుండా నిలబడతాయి. చుట్టూ వేసే నిలువు పట్టీ కూడా రీపర్ల కంటే కిందకు దిగకూడదని వడ్రంగికి విడిగా చెప్పండి. మామూలు బల్లకు వేసినట్టు వెడల్పాటి పట్టీ వేస్తే ఈ లెక్కంతా వృథా.

ప్లైవుడ్ షీటు 8 × 4 అడుగులు, 244 × 122 సెం.మీ. 18 మి.మీ. షీటు ఒకటి 32 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, ఒక్కరు మోయలేరు. గుంట అడుగుకు 122 × 76 ముక్క ఒకటి. పైపలకలకు మళ్లీ అంతే ముక్క తీసి మూడు భాగాలు చేయాలి, ఒక్కొక్కటి దాదాపు 40 × 76. మూడుగా ఎందుకంటే ఒక్కొక్కటి మూడు కిలోల పైచిలుకే ఉంటుంది, పన్నెండేళ్ల పిల్లలు కూడా తీసి పక్కన పెట్టగలరు. షీటులో 122 × 92 ముక్క మిగులుతుంది. దాన్ని చూడగానే క్యారమ్ పలక చేసుకోవచ్చనిపిస్తుంది, కొలత కూడా సరిపోతుంది. చెయ్యకండి, మామూలు ప్లైవుడ్ ముఖం మూడున్నర రాకపోకల పరీక్షకు నిలవదు. కింద సామాను అరకు వాడుకోండి.

చెక్క ఘనపుటడుగుల్లో కొంటాం కాబట్టి ఆ లెక్క కూడా వేద్దాం. అంచు చుట్టుకొలత 476 సెం.మీ., సుమారు పదిహేనున్నర అడుగులు. నాలుగంగుళాల వెడల్పు, అంగుళం మందంతో 0.43 ఘనపుటడుగులు. కింది పట్టీకి ఇంచుమించు 0.4. మూడంగుళాల చదరపు కాళ్లు నాలుగింటికి 0.6. మొత్తం ఒకటిన్నర లోపు. కోతలో, చిత్రికలో పోయేది కలిపి రెండు ఘనపుటడుగులు తెప్పించండి. ప్లైవుడ్ చదరపు అడుగు 120 రూపాయలు వేసుకుంటే 32 అడుగులకు 3,840. చెక్క ఘనపుటడుగు 3,000 అనుకుంటే 6,000. మూడు రోజుల కూలి రోజుకు 1,200 చొప్పున 3,600. గుడ్డ, మేకులు, పాలిష్‌కు 2,500. అంతా కలిపి 16,000 లోపు. ఇవి నేను వేసుకున్న ధరలు, మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ కూడండి. అన్నిటికంటే ఎక్కువ ఊగేది చెక్క ధర. పాత తలుపు చట్రాల టేకు దొరికితే ఆ 6,000లో పెద్ద భాగం మిగులుతుంది, పైగా అది ఎండి ఆరిన చెక్క, వంకరపోదు.

ఆటల పెట్టెల ఖర్చు విడిగా ఉంటుంది. ఇందులో ఈమధ్య కొంత ఊరట కలిగింది. చదరంగం, క్యారమ్, లూడో వంటి బోర్డు ఆటల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. పన్నుకు ముందు 4,000 రూపాయల పెట్టె మీద 480 బదులు ఇప్పుడు 200.

పావులు పోతే పెట్టె మొత్తం మళ్లీ కొనక్కర్లేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుడు యంత్రం మీద మలిచి లక్క రంగులు వేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. గుండ్రంగా, నున్నగా, చేతిలో కుదురుగా నిలిచే చిన్న బొమ్మలు చేయడమే వాళ్ల విద్య. పావుకు కావలసింది కూడా అదే. అడిగి నాలుగు రంగుల్లో నాలుగేసి చేయించుకుంటే అష్టా చెమ్మా మొదలు ఏ పరుగు ఆటకైనా పదహారు పావులు సిద్ధం.

ఈ గుంటలో ఏది పడుతుందో, ఏది పట్టదో కూడా ముందే తెలుసుకోండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పటంలో అంగుళం గడి ఐదడుగుల నేలకు లెక్క. పలకలు ఆనడానికి లోపల కొట్టే సన్నని పట్టీ పోను గుంటలో 46 అడ్డం, 28 నిలువు, మొత్తం 1,288 గళ్లు పడతాయి, 230 అడుగుల పొడవు, 140 అడుగుల వెడల్పు ఉన్న కోట ప్రాంగణమంత. బొమ్మల సైన్యాలతో ఆడే వార్‌హ్యామర్ 40,000 మామూలు యుద్ధానికి 60 × 44 అంగుళాలు అడుగుతుంది, అది పట్టదు. పూర్తి క్యారమ్ బోర్డు చెక్కతో కలిపి 87 సెం.మీ. దాటుతుంది, గుంటలోకి దిగదు. పైపలకలు పరిచి దాని మీద పెట్టుకోవచ్చు గాని ఎత్తు ఎక్కువైపోతుంది. క్యారమ్ స్టాండు 63 నుంచి 70 సెం.మీ. మధ్యే ఉండాలి, మన అంచే 75. క్యారమ్‌కు వేరే స్టాండు ఉంచుకోవడం మేలు.

గుంట అడుగున రెండు మూడు మిల్లీమీటర్ల నియోప్రీన్ చాప పరిస్తే పాచికల చప్పుడు తగ్గుతుంది, కార్డులు గోటితో సులువుగా లేస్తాయి. దాన్ని అంటించకండి, ఊరికే పరచండి. మీద కాఫీ ఒలికితే తీసి కడుక్కోవచ్చు. పైపలకలు మూడూ బిగుతుగా కూర్చోకుండా ఒక్కొక్కదాని చుట్టూ రెండు మిల్లీమీటర్లు వదలమని చెప్పండి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, ప్లైవుడ్ అంచులు తేమ పీల్చి ఉబ్బుతాయి. బీడింగ్ వేసి అంచులకు కూడా పాలిష్ పట్టించాలి. పని పూర్తయ్యాక వడ్రంగి వెళ్లేముందే ఆరు కుర్చీలు వేసి, ఆరుగురిని కూర్చోబెట్టి, మోకాళ్లు ఎవరికైనా తగులుతున్నాయేమో చూసుకోండి. తగిలితే అప్పుడే కింది పట్టీ ఒక సెంటీమీటరు చిత్రిక పట్టించడం తేలిక.